హైఫా హీరో దల్పత్ సింగ్‌కి అసలు వచ్చిన మెడల్ ఏది? మన హైదరాబాద్ లాన్సర్లకి సంబంధం ఉందా?

మెహదీపట్నం_నాన్న
మా పాప ఆరో తరగతి. స్కూల్లో మరుగున పడ్డ వీరులు అని చార్ట్ చేసుకురమ్మన్నారు. మా బామ్మర్ది ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ పడేశాడు. అందులో ఏముందంటే, నిజాం నవాబు గారి హైదరాబాద్ లాన్సర్ల (బల్లేలు పట్టే గుర్రపు దళం) కమాండర్ మేజర్ దల్పత్ సింగ్ షెకావత్ మొదటి ప్రపంచ యుద్ధంలో 1918 సెప్టెంబర్ 23న ఉత్త కత్తులు బల్లేలతో తుర్కుల చేతిలో ఉన్న హైఫా ఊరు (ఇప్పుడు ఇజ్రాయెల్‌లో ఉంది) గంటలో పట్టేసుకున్నాడు, అక్కడే ప్రాణం వదిలాడు, బ్రిటిష్ వాళ్ళు తమ అన్నిటికన్నా పెద్ద పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు, ప్రపంచ చరిత్రలో ఆఖరి గుర్రపు దాడి ఇదే అని. చదివితే నాకే ఒళ్ళు జలదరించింది. రాత్రి పదకొండింటిదాకా కూర్చుని రాశాం, గుర్రం బొమ్మ నేనే వేశా, కుక్కలా వచ్చింది అది వేరే సంగతి. తీరా చూస్తే మా అపార్ట్‌మెంట్ మూడో ఫ్లోర్ అంకుల్, మిలిటరీలో చేసి రిటైరైనాయన, లిఫ్టులో చార్ట్ చూసి "ఇందులో మూడు తప్పులున్నాయమ్మా" అని నవ్వుకుంటూ తన ఫ్లోర్‌లో దిగిపోయాడు. ఏ మూడో చెప్పలా. పాప ఒకటే ఏడుపు. సోమవారం ఇవ్వాలి. ఏవండీ ఆ మూడు?

గుంటూరు_ఘాటు
ముందు ఆ గుర్రం ఫోటో పెట్టండి, నాలుగో తప్పు అదేనేమో

చెదపురుగు
మూడు కాదు, నాకు నాలుగు కనపడుతున్నాయి.
దల్పత్ సింగ్ హైదరాబాద్ లాన్సర్లలో లేడు, జోధ్‌పూర్ లాన్సర్లు. రాజస్థాన్ పాలీ జిల్లా దేవలీ ఊరాయన. 1892లో పుట్టాడు, జోధ్‌పూర్ సర్ ప్రతాప్ సింగ్ చదువుకి ఇంగ్లండ్ పంపాడు, పద్దెనిమిదేళ్ళకే రెజిమెంట్‌లో ఆఫీసర్ అయ్యాడు. చనిపోయేనాటికి ఇరవయ్యారేళ్ళు, అంతే. ఆయనకి వచ్చింది మిలిటరీ క్రాస్, విక్టోరియా క్రాస్ కాదు. ఆఖరి గుర్రపు దాడి కూడా కాదు. ఉత్త కత్తులతో అన్నది సగం నిజం. తేదీ ఒక్కటి కరెక్ట్.

పాతబస్తీ_పరేశాన్
ఆగు భాయ్. ఢిల్లీల తీన్ మూర్తి చౌక్ కాడ మూడు కంచు విగ్రహాలు ఉంటయి కదా, అండ్ల ఒకటి హైదరాబాద్ లాన్సర్. ఒకటి జోధ్‌పూర్, ఒకటి మైసూర్. నేను ఢిల్లీల నాలుగేండ్లు ఉన్న, రోజు బస్సుల అటుకెల్లే పోతుంటి. 2018 జనవరిల ఇజ్రాయెల్ ప్రధాని వస్తే తీన్ మూర్తి హైఫా చౌక్ అని పేరు గూడ పెట్టిండ్రు. హైదరాబాదోళ్ళు హైఫాల లేకుంటే విగ్రహం ఊకెనే పెడ్తరా?

చెదపురుగు
విగ్రహాలు హైఫా ఒక్కదానికి కాదు పరేశాన్ అన్నా. హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ మూడూ కలిస్తే 15వ ఇంపీరియల్ సర్వీస్ కావల్రీ బ్రిగేడ్, అంటే సంస్థానాల గుర్రపు దళాల బ్రిగేడ్. ఆ బ్రిగేడ్ సూయెజ్ కాలువ కాపలా దగ్గర్నుంచి పాలస్తీనా మొత్తం తిరిగింది, ఆ యుద్ధంలో పోయినవాళ్ళందరి గుర్తుగా 1922లో పెట్టారు, శిల్పి పేరు లెనార్డ్ జెన్నింగ్స్. హైఫా చౌక్ అన్న పేరు దాదాపు వందేళ్ళ తర్వాత తగిలించింది. హైఫా మీద దాడికి దిగింది మాత్రం జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లే. మన వాళ్ళకి ఆ టైంలో ఖైదీల కాపలా పని పడిందంటారు.

పాతబస్తీ_పరేశాన్
అంటే బిర్యానీ టైంకి మనోళ్ళు డ్యూటీ మీద పోయిండ్రు అంటవ్. దిల్ తోడ్ దియా యార్

గుంటూరు_ఘాటు
తుర్కోళ్ళు ముస్లింలు కదా, నిజాం సైన్యంలో ముస్లింలు ఉంటారని బ్రిటిష్ వాళ్ళు కావాలనే పక్కన పెట్టారని కూడా చదివాను ఎక్కడో

చెదపురుగు
అలా అనేవాళ్ళున్నారు. కానీ మిగతా పాలస్తీనా యుద్ధమంతా హైదరాబాద్ లాన్సర్లు ఆ బ్రిగేడ్‌తోనే ఉన్నారు కాబట్టి నాకు ఆ వాదన అంత ఎక్కదు. మైసూర్ లాన్సర్లలో కూడా ముస్లింలు బాగానే ఉన్నారు, వాళ్ళు దాడి చేశారు కదా.

రిటైర్డ్_దఫేదార్
నేను ఆర్మర్డ్‌లో ఇరవై రెండేళ్ళు చేశా, కడప జిల్లా మాది. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చినా మా పేర్లు మారలేదు సార్, ఇప్పటికీ ట్యాంకు రెజిమెంట్‌లో సిపాయిని సవార్ అంటారు, హవల్దార్‌ని దఫేదార్, సుబేదార్‌ని రిసాల్దార్. ఊర్లో మా నాయనకి దఫేదార్ అని చెప్తే కలెక్టరాఫీసు డవాలా బంట్రోతు అనుకున్నాడు మొదట్లో, ఆర్నెల్లు మాట్లాడలేదు.
హైఫా విషయానికొస్తే మాకు ట్రైనింగ్‌లో చెప్పింది ఇదీ. ఊరికి ఒకవైపు కార్మెల్ కొండ, ఇంకోవైపు కిషోన్ ఏరు, మధ్యలో సన్న దారి. కొండ మీద ఫిరంగులు, దారి పొడుగునా మెషిన్ గన్లు. ముందురోజు బ్రిటిష్ వాళ్ళు ఊరు ఖాళీ అయ్యిందనుకుని తేలిగ్గా సాయుధ కార్లు పంపిస్తే అవి దెబ్బతిని వెనక్కొచ్చాయి. 23న మధ్యాహ్నం రెండింటికి జోధ్‌పూర్ వాళ్ళు దిగారు. ముందు ఏరు దాటి అవతలి మెషిన్ గన్ల మీదకి పోదామనుకున్నారు, ఒడ్డంతా ఊబి, ముందుపోయిన రెండు గుర్రాలు కళ్ళముందే దిగబడిపోయాయి. గుర్రం ఊబిలో దిగితే అంతే సార్, కొట్టుకునేకొద్దీ ఇంకా లోపలికి పోతుంది. అట్లా నిలబడితే తూటాలకి అందరూ పోతారు. అందుకని అప్పటికప్పుడు ఎడమకి తిప్పి కొండ పాదం వైపు పోయారు, ఆ వాలులో ఉన్న మెషిన్ గన్లని తొక్కుకుంటూ దారి తెరిచారు. ఆ తిప్పడంలోనే దల్పత్ సింగ్‌కి వెన్నులో తూటా తగిలింది. తర్వాత కెప్టెన్ అమాన్ సింగ్ నడిపించాడు.

మెహదీపట్నం_నాన్న
ఇది చదివి పాపకి వినిపించా సార్. రెండు గుర్రాలు దిగబడిపోయాయి అన్నకాడ "వాటిని ఎవరూ తాడు వేసి లాగలేదా నాన్నా" అంటోంది, నేనేం చెప్పను

రిటైర్డ్_దఫేదార్
లాగే టైం లేదని చెప్పండి. ఆరోజు మనుషులు ఎనిమిది మంది పోయారు, ముప్పై నాలుగు మందికి గాయాలు. గుర్రాలు అరవై పోయాయి, ఎనభై మూడింటికి గాయాలు. లెక్క గుర్రాలదే పెద్దది. పట్టుబడ్డ శత్రువులు మాత్రం 1350 మంది, 17 ఫిరంగులు, 11 మెషిన్ గన్లు.

చెదపురుగు
నేను సగం నిజం అన్నది అందుకే. బల్లెంతోనే గెలిచారు, కాదనను. కానీ వెనకనుంచి హానరబుల్ ఆర్టిలరీ కంపెనీ వాళ్ళ ఫిరంగులు కాల్పులు ఇచ్చాయి, మైసూర్ లాన్సర్ల ఒక స్క్వాడ్రన్, షెర్వుడ్ రేంజర్స్ అని బ్రిటిష్ వాళ్ళ స్క్వాడ్రన్ ఒకటి కలిసి పొద్దుటినుంచి కొండ వెనకవైపు ఎక్కి పైనున్న ఫిరంగుల పని చూశాయి. ఫార్వర్డ్‌లో ఎప్పుడూ ఒక్కడు, ఒక కత్తి, ఒక గుర్రం ఉంటారు.

డాలస్_దిబ్బరొట్టె
మన సినిమాల్లో కూడా అంతే కదా, మిగతా ఆరొందలమంది ఫైట్ మాస్టర్ ఖర్చు

కోనసీమ_కొబ్బరి
మెడల్ సంగతి తేల్చండి. మిలిటరీ క్రాస్ హైఫాకేగా ఇచ్చింది? ఎక్కడ చూసినా మేజర్ దల్పత్ సింగ్ ఎం.సి., హీరో ఆఫ్ హైఫా అనే ఉంటుంది

చెదపురుగు
అసలు గొడవంతా ఇక్కడే. పేరు పక్కన ఎం.సి., దాని పక్కనే హైఫా అని రాసేసరికి చదివేవాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. ఆ క్రాస్ హైఫాది కాదు. రెండు నెలల ముందు, జులై 14న, జోర్డాన్ లోయలో ఎల్ హీనూ రేవు దగ్గర జరిగిన కొట్లాటకి వచ్చింది. సైటేషన్‌లో, అంటే మెడల్ ఎందుకిచ్చారో చెప్పే కాగితంలో, ఏముంటుందంటే, తోడుగా ఒక్క బూరా ఊదే కుర్రాడు తప్ప ఎవరూ లేకుండా కందకంలో కూర్చున్న మెషిన్ గన్ మీదకి గుర్రం ఉరికించాడు, గన్ నడిపేవాళ్ళని కొందర్ని చంపి మిగతావాళ్ళని చెదరగొట్టి గన్ పట్టుకున్నాడు, అదే ఊపులో ఒక రెజిమెంట్ కమాండెంట్‌ని, ఇంకో ఆఫీసర్‌ని కూడా ఖైదు చేశాడు అని. ఇప్పుడు చెప్పు కొబ్బరీ, హైఫాలో వెన్నులో తూటా తగిలి పడిపోయిన మనిషి కమాండెంట్‌ని ఎలా పట్టుకుంటాడు?

కోనసీమ_కొబ్బరి
అబ్బ. ఇది నిజంగా తెలీదు నాకు. మరి హైఫాకి ఏమిచ్చినట్టు?

చెదపురుగు
హైఫాకి ఆయనకి పతకం ఏం లేదు. హీరో ఆఫ్ హైఫా అనేది జనం పిలిచే పేరు, సర్కారు ఇచ్చింది కాదు. ఆ రోజు దాడికి ఎం.సి. వచ్చింది కెప్టెన్ అనోప్ సింగ్‌కి, సెకండ్ లెఫ్టినెంట్ సగత్ సింగ్‌కి. అమాన్ సింగ్ బహదూర్‌కి, దఫేదార్ జోర్ సింగ్‌కి ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్.

తాడేపల్లి_తాతబ్బాయ్
అదెక్కడి న్యాయం అండీ. ప్రాణం పోయినాయనకి లేదు, బతికొచ్చినవాళ్ళకి ఉందా. తెల్లోడి బుద్ధి చూపించాడు. ఇదే ఇంగ్లీషోడు అయ్యుంటే విక్టోరియా క్రాస్ ఇంటికి పంపించేవాళ్ళు

రిటైర్డ్_దఫేదార్
తాతబ్బాయ్ గారూ, ఆ రోజుల రూల్ వేరు. మిలిటరీ క్రాస్, డి.ఎస్.ఓ. లాంటి మెడల్స్ చనిపోయినవాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదు, తెల్లోడైనా నల్లోడైనా. యుద్ధంలో పోతే రెండే దార్లు. ఒకటి విక్టోరియా క్రాస్, లేకపోతే సేనాని పంపే రిపోర్టులో పేరు రాయడం. నడుమ ఏమీ లేదు. 1979లో గాని బ్రిటిష్ వాళ్ళు ఆ రూల్ మార్చలేదు. కాబట్టి హైఫాలో ఎం.సి. ఇవ్వాలన్నా ఇవ్వడానికి లేదు. క్రాస్ జులైది అని చెప్పడానికి ఇది ఇంకో సాక్ష్యం.

తాడేపల్లి_తాతబ్బాయ్
సరే రూలే అనుకుందాం, అప్పుడు విక్టోరియా క్రాస్ ఇవ్వాలిగా. ఇవ్వలేదంటే వివక్షే. మనవాళ్ళకి ఇచ్చేవాళ్ళు కాదు

బొల్లారం_బాయ్
ఇచ్చేవాళ్ళు కాదు అనకండి. 1911 దాకా ఇచ్చేవాళ్ళు కాదు, అది నిజం, ఇండియన్ సిపాయికి ఆర్డర్ ఆఫ్ మెరిట్ దగ్గరే గీత. 1911లో రూల్ మార్చారు, 1914 అక్టోబర్‌లో బెల్జియంలో ఖుదాదాద్ ఖాన్‌కి మొదటిది వచ్చింది.
ఇంకో ముక్క చెప్తా, కుర్చీలో గట్టిగా కూర్చోండి. హైఫా పడ్డ అదే రోజు, 1918 సెప్టెంబర్ 23, జోర్డాన్ నది పక్కన ఖేస్ సమరివే అనే ఊరి దగ్గర రిసాల్దార్ బద్లూ సింగ్‌కి విక్టోరియా క్రాస్ వచ్చింది. ఆయన కూడా గుర్రపు దళమే. ఎడమవైపు గుట్టమీద మెషిన్ గన్లు, రెండొందలమంది సిపాయిలు, వాళ్ళవల్ల స్క్వాడ్రన్ దెబ్బతింటోందని ఆరుగుర్ని వెంటేసుకుని గుట్టెక్కాడు. పైన ఒక గన్‌ని ఒంటరిగా పట్టుకుంటుంటే దెబ్బ తగిలింది, ప్రాణం పోయేలోపే అక్కడున్నవాళ్ళంతా లొంగిపోయారు. హర్యానాలో ఝజ్జర్ దగ్గర ఢాక్లా ఊరు ఆయనది.
అసలు మసాలా ఇప్పుడు వస్తుంది. బద్లూ సింగ్ సొంత రెజిమెంట్ 14వ మర్రేస్ జాట్ లాన్సర్స్, కానీ ఆ రోజు పని చేస్తున్నది 29వ లాన్సర్స్‌లో. 29వ లాన్సర్స్ అంటే డెక్కన్ హార్స్. డెక్కన్ హార్స్ ఎక్కడ పుట్టింది? హైదరాబాద్ కంటింజెంట్‌లో! మా బొల్లారంలో రిసాలా బజార్ అనే పేరు ఆ కంటింజెంట్ గుర్రపు దళాలవల్లే వచ్చింది.

మెహదీపట్నం_నాన్న
ఉండండి ఉండండి. అంటే ఆ ఫార్వర్డ్‌లో...

బొల్లారం_బాయ్
నా అనుమానం అదే. ఎవడో మూడు కథలు కలిపి ఒక పోపు పెట్టాడు. హైఫా, పేరు దల్పత్ సింగ్‌వి. విక్టోరియా క్రాస్ బద్లూ సింగ్‌ది, తేదీ ఒకటే కాబట్టి అతుక్కుంది. హైదరాబాద్ అనేది అటు తీన్ మూర్తి విగ్రహం నుంచి, ఇటు డెక్కన్ హార్స్ నుంచి వచ్చి పడింది.

గుంటూరు_ఘాటు
ఇద్దరు సింగులు, ఒక మెడల్. టైటిల్ రెడీ

పాతబస్తీ_పరేశాన్
జర ఆగుండ్రి. కంటింజెంట్ వేరు లాన్సర్లు వేరా? రెండు నిజాంవే కదా

బొల్లారం_బాయ్
చాలామంది ఇక్కడే తప్పుతారు. కంటింజెంట్‌కి ఖర్చు నిజాంది, ఆఫీసర్లు ఇంగ్లీషోళ్ళు, హుకుం రెసిడెంట్‌ది, అంటే హైదరాబాద్‌లో ఉండే బ్రిటిష్ ప్రతినిధిది. ఆ ఖర్చు బాకీ పడ్డాడనే 1853లో బేరారు జిల్లాలు రాయించుకున్నారు. 1903 నాటికి కంటింజెంట్‌ని బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో కలిపేశారు, అక్కడ్నుంచి వచ్చినవే 20వ డెక్కన్ హార్స్, 29వ లాన్సర్స్. 1921లో రెండూ కలిపేసి ఒకటి చేశారు, ఇప్పటికీ ట్యాంకులతో డెక్కన్ హార్స్ ఉంది.
హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు మాత్రం నిజాం సొంత ఫౌజు. వాళ్ళ లైన్లు ఉన్న చోటే ఇప్పటి ఫస్ట్ లాన్సర్. మెహదీపట్నం నాన్నగారూ మీరు రోజూ దాని పక్కనుంచే పోతుంటారు.

మెహదీపట్నం_నాన్న
ఇరవై ఏళ్ళుగా పోతున్నా! ఆటోవాడు ఫస్లాన్సర్ ఫస్లాన్సర్ అని అరుస్తుంటే ఎవరో ఫజల్ సాబ్ పేరు అనుకున్నా నేను

డాలస్_దిబ్బరొట్టె
నేను చిన్నప్పుడు ఏసీ గార్డ్స్ అంటే ఏసీ మెకానిక్కుల కాలనీ అనుకునేవాడిని. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అని ఇంజనీరింగ్‌లో తెలిసింది, అది కూడా క్యాంటీన్‌లో

పాతబస్తీ_పరేశాన్
😂 గిది గూడ గుర్రాల దళమే, నిజాం గారి హబ్షీ సిపాయిలు. హైదరాబాద్‌ల సగం స్టాపులు గుర్రాలవే

మాధవరం_మనవడు
మెడల్ గొడవలు అంటే మా ఇంట్లో కథ చెప్పాలి. మాది తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం, మా ఊళ్ళో ఇంటికో సిపాయి. మా ముత్తాత మొదటి యుద్ధానికి వెళ్ళొచ్చాడు. మా ఇంట్లో ఇనప్పెట్టెలో ఒక మెడల్ ఉంది, గుండ్రంగా, రాగి ఇత్తడి మధ్య రంగు, రెక్కలున్న అమ్మవారి బొమ్మ, ఇంద్రధనస్సు రంగుల రిబ్బన్ చివికిపోయి ఉంటుంది. మా చిన్నాన్నలు అందరూ ఊళ్ళో చెప్పుకునేది మా తాతకి విక్టోరియా క్రాస్ వచ్చిందని. పంచాయితీలో సన్మానం కూడా చేయించుకున్నారు మా పెదనాన్న ఒకసారి, శాలువా వెయ్యడం ఫోటో ఉంది. నేను డిగ్రీలో ఉండగా తీసి చూస్తే వెనకాల ఇంగ్లీషులో నాగరికత కోసం మహా యుద్ధం 1914-1919 అని ఉంది. అంటే విక్టరీ మెడల్. యుద్ధంలో ఉన్న లక్షలమందికి ఇచ్చిందే. విక్టరీ అన్న మాటని మా వాళ్ళు విక్టోరియా చేసుకున్నారు.
ఇంకా గమ్మత్తు ఏంటంటే దానితోపాటు ఒక వెండిది కూడా ఉండేది, బ్రిటిష్ వార్ మెడల్. కరువులో మా తాత తమ్ముడు దాన్ని కంసాలికి ఇచ్చి కరిగించేశాడు. ఇత్తడిదాన్ని కంసాలి వద్దన్నాడు. అదే మిగిలింది. మా పెదనాన్న వాదన ఏంటంటే "విక్టోరియా క్రాస్ కూడా కంచుదేరా, అందుకే కంసాలి తీసుకోలేదు" అని. ఏం చెప్తాం.

రిటైర్డ్_దఫేదార్
పెదనాన్న గారి పాయింట్ తప్పు కాదు, విక్టోరియా క్రాస్ కంచే, ఫిరంగి లోహం. కాకపోతే అది గుండ్రంగా ఉండదు, పేరే క్రాస్ కదా. బాబూ ఆ మెడల్ అంచు చూశావా? చుట్టూ సన్న అక్షరాలు కొట్టి ఉంటాయి. నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్. నూనె గుడ్డతో తుడిచి, వాలుగా వెలుతురు పెట్టి భూతద్దంలో చూడు. బ్రాసో మాత్రం పెట్టొద్దు, అక్షరాలు అరిగిపోతాయి.

మాధవరం_మనవడు
అంచు ఎప్పుడూ చూళ్ళేదు సార్! దసరాకి ఊరెళ్తే చూస్తా. శాలువా ఫోటో పక్కనే పెట్టి మరీ

తాడేపల్లి_తాతబ్బాయ్
మనవడా మీది మాకు ఎనిమిది కిలోమీటర్లు. పెదనాన్న గారికి నేను చెప్పనులే

కోనసీమ_కొబ్బరి
నాకో డౌట్. హైదరాబాద్ లాన్సర్లలో అసలు పెద్ద మెడల్ ఎవరికీ రాలేదా? పాప చార్ట్‌కి హైదరాబాద్ పేరు కావాలంటే?

రిటైర్డ్_దఫేదార్
వచ్చింది సార్, కాకపోతే ఆ యూనిఫాంలో కాదు. లెఫ్టినెంట్ కల్నల్ ఆర్దేషిర్ తారాపూర్, పార్సీ ఆయన, 1923లో బొంబాయిలో పుట్టాడు, పూనాలో చదివాడు. హైదరాబాద్ స్టేట్ ఫోర్సెస్‌లో ఇన్‌ఫాంట్రీలో చేరాడు, ఇష్టం లేదు. ఒకరోజు గ్రెనేడ్ రేంజ్‌లో ఒక కుర్ర సిపాయి భయంతో సరిగ్గా విసరలేక గ్రెనేడ్ గోడ ఇవతలే పడింది. తారాపూర్ ఒక్క దూకు దూకి దాన్ని తీసి అవతలికి విసిరాడు, గాల్లోనే పేలింది, ముక్కలు ఛాతీలో దిగాయి. సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ అక్కడే ఉండి చూశాడు. ఆఫీసుకి పిలిపించి మెచ్చుకుంటే ఆయన అడిగింది ఏంటో తెలుసా, నన్ను లాన్సర్లకి మార్చండి అని. అట్లా ఫస్ట్ హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లకి వచ్చాడు. హైదరాబాద్ ఇండియాలో కలిసాక 1951లో పూనా హార్స్ అనే ట్యాంకు రెజిమెంట్‌కి వచ్చాడు. 1965 పాకిస్తాన్ యుద్ధంలో ఆ రెజిమెంట్ కమాండర్. ఫిల్లోరా దగ్గర గాయపడ్డాడు, వెనక్కి పొమ్మంటే పోలా, చేతికి కట్టుతోనే ఇంకో ఐదు రోజులు ట్యాంకు మీద నిలబడి నడిపాడు. సెప్టెంబర్ 16న బుటుర్ డోగ్రాండి దగ్గర పోయాడు. పరమవీర చక్ర.

గుంటూరు_ఘాటు
దాని మీద కూడా లెక్కల గొడవ ఉంది కదా. సైటేషన్‌లో శత్రువు ట్యాంకులు 60 దాకా పగలగొట్టారు, మనవి 9 పోయాయి అని. పాకిస్తాన్ వాళ్ళు ఆ లెక్క ఒప్పుకోరు

రిటైర్డ్_దఫేదార్
ఒప్పుకోరు, వాళ్ళ లెక్కలు మనం ఒప్పుకోం. ట్యాంకు యుద్ధంలో ఒకే ట్యాంకుని ముగ్గురు కొడతారు, ముగ్గురూ నాదే అంటారు, దుమ్ములో ఎవడికి కనిపిస్తుంది. రాత్రికి లాగి రిపేర్ చేసినది రేపు మళ్ళీ వస్తుంది, దాన్ని మళ్ళీ లెక్కేస్తారు. అట్లా అన్ని దేశాల్లోనూ ఉంది. కానీ చక్రం ఇచ్చింది ట్యాంకుల కౌంటుకే కాదు. గాయంతో వెనక్కి పోకుండా ఉన్నదానికి, ముందుండి నడిపినదానికి. దాన్ని ఎవరూ కాదనలేదు.

చెదపురుగు
ఇక ఆఖరి గుర్రపు దాడి. దీనికి జోధ్‌పూర్ వాళ్ళే సాక్ష్యం. హైఫా అయిన నెలకి, అక్టోబర్ 26న, సిరియాలో అలెప్పో దగ్గర హరితాన్‌లో అదే జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లు మళ్ళీ గుర్రాల మీద దాడి చేశారు. అక్కడ జోధ్‌పూర్ లాన్సర్లతో ఉన్న బ్రిటిష్ ఆఫీసర్ లెఫ్టినెంట్ కల్నల్ హోల్డెన్ పోయాడు. ఇంకా తర్వాత 1942లో బర్మాలో టౌంగూ దగ్గర కెప్టెన్ శాండెమాన్ జపాన్ వాళ్ళ మీదకి గుర్రాలతో వెళ్ళాడు. అదే ఏడాది రష్యాలో ఇటలీ వాళ్ళు కూడా. కాబట్టి ఆఖరి అనే మాట ఎక్కడ పెట్టినా ఎవడో ఒకడు గుర్రం వేసుకుని వస్తాడు.

తాడేపల్లి_తాతబ్బాయ్
నేను ఒకటి మాత్రం ఒప్పుకోను. అదే రోజు బద్లూ సింగ్‌కి ఇచ్చారు, బాగానే ఉంది. ఆయన బ్రిటిష్ వాళ్ళ సొంత రెజిమెంట్‌లో మనిషి. దల్పత్ సింగ్ సంస్థానం మనిషి. ఆ తేడా లేదంటారా?

బొల్లారం_బాయ్
లేదని నేను అనను తాతబ్బాయ్ గారూ. సిఫార్సు రాసేది పైన ఉన్న ఇంగ్లీషు ఆఫీసరే కదా. కానీ జులైలో ఎం.సి. ఇచ్చింది కూడా వాళ్ళే, అదే సంస్థానం మనిషికే. అందుకని పూర్తిగా వివక్ష అనీ చెప్పలేను, అస్సలు లేదనీ చెప్పలేను.

తాడేపల్లి_తాతబ్బాయ్
సగం మార్కులు వేశా పో

కోనసీమ_కొబ్బరి
నాకు జులై కథే ఎక్కువ నచ్చింది అసలు. హైఫాలో వెనకాల నాలుగొందల గుర్రాలున్నాయి. అక్కడ బూరా ఊదేవాడు ఒక్కడు. ఆ కుర్రాడి పేరేంటో

చెదపురుగు
సైటేషన్‌లో బూరావాడు అనే ఉంటుంది కొబ్బరీ, పేరు ఉండదు.

డాలస్_దిబ్బరొట్టె
వాడి చేతిలో బూర ఒక్కటే ఉంటే, ఇద్దర్లో ఎక్కువ ధైర్యం ఎవరిది అని నా ప్రశ్న

రిటైర్డ్_దఫేదార్
కత్తి కూడా ఉంటుంది బాబూ. బూర వీపు మీద వేలాడుతుంది. ఆఫీసర్ గుర్రం ఎటు పోతే అటు, అరగుర్రం వెనకాల ఉండాలి, అదే వాడి డ్యూటీ. ఆయన మెషిన్ గన్ మీదకి పోయాడు కాబట్టి వాడూ పోయాడు.

మెహదీపట్నం_నాన్న
అందరికీ దండాలు. పొద్దున్నే మూడో ఫ్లోర్ అంకుల్ దగ్గరికి వెళ్ళి సార్ తప్పులు మూడు కాదు నాలుగు అని చెప్పొచ్చా. నాలుగోదేంటి అన్నాడు, ఆఖరి దాడి కాదని చెప్తే హరితాన్ సంగతి ఆయనకీ తెలీదంట, టీ ఇచ్చి కూర్చోబెట్టాడు. గంటసేపు.
చార్ట్ రిపేర్ రిపోర్టు: హైదరాబాద్ లాన్సర్లు కొట్టేసి జోధ్‌పూర్ రాశాం. విక్టోరియా క్రాస్ మీద వైట్‌నర్ పూసి మిలిటరీ క్రాస్, జులై 14 అని రాశాం. ఆఖరి దాడి అన్న లైన్ మీద బూరా కుర్రాడి బొమ్మ అతికించాం, అది పాప ఐడియా, పేరు లేదు కాబట్టి కింద ప్రశ్న గుర్తు పెట్టింది. కింద మూలలో బద్లూ సింగ్‌కి చిన్న బాక్స్. హైదరాబాద్ కోసం తారాపూర్ పెడదామంటే చోటు చాల్లేదు, అందుకని ఫస్ట్ లాన్సర్ బస్టాప్ బోర్డు ఫోటో పెడితే బాగుంటుందని పాప అంటోంది. నాకు ఆఫీసు, ఎవరైనా అటు వెళ్ళేవాళ్ళుంటే తీసి పెట్టగలరా? వైట్‌నర్ ఒలికి గుర్రానికి మచ్చలొచ్చాయి, అది ఇంక అంతే.

పాతబస్తీ_పరేశాన్
నేను రేపు మాసాబ్ ట్యాంక్ పోతున్న, వచ్చేటప్పుడు తీస్త. బోర్డు మీద ఎవడన్న ట్యూషన్ పోస్టర్ అంటించకుంటే